మంచు కాలంలో ముగ్గూ, సూదీ



ఈ వారం మంచు గురించీ, కుట్టుపని గురించీ నాలుగు మాటలు చెప్పుకుందాం. ఈ రెండింటికీ ఏమిటమ్మా సంబంధం అంటారేమో! పుష్యమాసంలో పూస గుచ్చ పొద్దుండదని మన పెద్దవాళ్ళు ఊరికే అనలేదు. అంత పొట్టి పొద్దులో పువ్వులు కుట్టేదెప్పుడు అని మీరు అడగవచ్చు. కానీ ఈ కాలంలోనే మనకు ఒక వింత గంట దొరుకుతుంది. మగవాళ్ళు పనులకు, పిల్లలు బడికి వెళ్ళిపోతారు. మంచు తెరవీడదు, ఉతికిన బట్టలు ఆరేయడానికి ఎండ రాదు, బజారుకు పోదామంటే చలి. ఆ గంటలో కిటికీ పక్కన కూర్చుని సూది పట్టుకోవడం చాలామందికి అలవాటే. చిక్కల్లా ఎక్కడంటే, ఏం కుట్టాలి అన్నదగ్గర.

బజారులో అచ్చు వేసి అమ్మే దిండు గలీబులు తెచ్చుకుంటాం. అదే గులాబీ, అవే రెండు చిలకలు, ఇంగ్లీషులో "శుభరాత్రి". నేను వాటిని తప్పు పట్టను, చెయ్యి అలవాటు కావడానికి పనికివస్తాయి. కానీ ఇరవై ఇళ్ళలో అదే గులాబీ చూస్తే ఆ కుట్టినావిడ ఎవరో, ఆమె కంటికి ఏం నచ్చుతుందో ఏమైనా తెలుస్తుందా? ఈ మంచు రోజుల్లో డిజైను కోసం పుస్తకం కొననక్కర లేదు, మన వాకిట్లోనే ఉంది అన్నది నేను చెప్పదలచిన సంగతి.

తెలుగులో మంచు అన్నది ఒక్కటే మాట. పొలాల మీద పొగలా పరుచుకునేదీ మంచే, గడ్డి కొసన చుక్కలా నిలిచేదీ మంచే, హిమాలయాల మీద దూదిలా కురిసేదీ మంచే. మా బాన్సువాడలో ఆ మూడోది ఎవరమూ చూడలేదు, చూడబోము కూడా. కానీ మొదటి రెండింటికీ మాకు కొదవ లేదు. 1923లో మొదలుపెట్టి 1931 నాటికి మంజీరా నది మీద నిజాంసాగర్ కట్టారు. ఆ కాలువ నీళ్ళు పారే మాగాణి మా చుట్టూ ఉంది. డిసెంబరులో యాసంగి నారుమడులకు నీళ్ళు పెడతారు. తడి నేల, పైన మబ్బులేని ఆకాశం, రాత్రంతా చలి. ఇంకేం, తెల్లవారేసరికి ఊరికి ఊరే పాలలో ముంచినట్టు అయిపోతుంది.

ఒకరోజు ఆరున్నరకు డాబా ఎక్కి చూడండి. మంచు తెల్లగా ఉంటుందని అనుకుంటాం గాని, నిలబడి చూస్తే అందులో తెలుపు తక్కువ. కాలువ వైపు బూడిద రంగు, తూర్పున కాస్త గంధం రంగు, ఇళ్ళ మధ్య పొయ్యి పొగ కలిసినచోట పలచని నీలం. దగ్గరున్న చిక్కుడు పాదు పచ్చగానే కనిపిస్తుంది, దాని ఊదారంగు పూలు కూడా తెలుస్తాయి. పది గజాల అవతల వేపచెట్టు సగం రంగు పోగొట్టుకుంటుంది. దాని వెనక తాడిచెట్లు ఉత్త నీడలు. దారాల డబ్బా ముందు పెట్టుకున్నప్పుడు ఈ సంగతి గుర్తుంచుకోండి. దగ్గరి వస్తువుకు ముదురు దారం రెండు పోగులు, దూరంగా ఉన్నదానికి అదే రంగులో లేతది ఒక్క పోగు. ఆకాశానికి ఏమీ కుట్టకండి, గుడ్డను అలాగే వదిలేయండి. మూడు ఆకుపచ్చలు, రెండు బూడిదలు ఉంటే మా పొలాల పొద్దుటి బొమ్మ మొత్తం కాడకుట్టుతోనే వచ్చేస్తుంది. గోడకు తగిలించుకునే ముక్కకు అది చాలు.

కానీ నాకు ఇంకా ఎక్కువ ఇష్టమైనది ముగ్గు. అది చెప్పాలంటే ముందు ఆ మనం చూడని మంచు దగ్గరికి వెళ్ళాలి.

చలిదేశాల్లో కురిసే మంచు రేకును భూతద్దంలో చూస్తే ఆరు కొమ్మల నక్షత్రంలా ఉంటుందట. ఐదు కాదు, ఎనిమిది కాదు, ఎప్పుడూ ఆరే. గ్రహాల లెక్కలు కట్టిన కెప్లర్ అనే పండితుడు 1611లో దీనిమీద ఒక చిన్న పుస్తకమే రాసి, కొత్త సంవత్సరం కానుకగా తన మిత్రుడికి ఇచ్చాడు. తేనెపట్టునూ దానిమ్మ గింజలనూ చూపించి, ఆరు ఎందుకు, ఆరు ఎందుకు అని పుస్తకమంతా తర్కించాడు. ఆయనకు పూర్తి జవాబు దొరకలేదు. తరవాతి వాళ్ళు కనిపెట్టారు: నీరు గడ్డకట్టేటప్పుడు దాని అణువులు ఆరేసి చొప్పున వలయాలుగా చేరతాయి. ఆ అమరికే పెరిగి పెరిగి ఆరు మూలల పలక అవుతుంది. మూలలు గాలిలోకి పొడుచుకుని ఉంటాయి కనుక చుట్టూ ఉన్న తేమ ముందుగా వాటికే అందుతుంది. అందుకే మూలల నుంచి కొమ్మలు సాగుతాయి.

నేను పదో తరగతితో చదువు ఆపినదాన్ని. నాకు ఈ అణువుల కథ ఎక్కలేదు గాని సకినాలు చుట్టేటప్పుడు అర్థమైంది. గుడ్డ మీద ఒక సకినం చుట్టి, దాన్ని ఆనించి అంతే సైజువి చుట్టూ పెట్టుకుంటూ రండి. సరిగ్గా ఆరు పడతాయి. ఏడోదానికి చోటుండదు. నమ్మకపోతే ఏడు రూపాయి బిళ్ళలతో ఇప్పుడే చేసి చూడండి.

అమెరికాలో వెర్మాంట్ రాష్ట్రంలో జెరికో అనే పల్లెటూరు. అక్కడ విల్సన్ బెంట్లీ అనే రైతు ఉండేవాడు. తల్లి ఒకప్పుడు పంతులమ్మ, పిల్లవాడికి పద్నాలుగేళ్ళ దాకా ఇంట్లోనే చదువు చెప్పింది. పదిహేనో ఏట తన సూక్ష్మదర్శినిని అతని చేతికిచ్చింది. అతను మంచు రేకులను దానికింద పెట్టి చూస్తూ కాగితం మీద గీయబోతే, గీత పూర్తికాక ముందే రేకు కరిగిపోయేది. చివరికి సూక్ష్మదర్శినికి కెమెరా బిగించి, 1885 జనవరి 15న మొదటి ఫోటో తీశాడు. అలా 46 ఏళ్ళలో అయిదువేలకు పైగా తీశాడు. 1931లో వాటిలోంచి రెండువేల పైచిలుకు బొమ్మలతో పుస్తకం అచ్చయింది. ఆ ఏడాది డిసెంబరులోనే అతను పోయాడు. ఆ పుస్తకంలోని బొమ్మలు చూస్తే మీకు మొదట కలిగే అనుమానం, ఇవన్నీ మన ముగ్గుల పుస్తకంలోవి కావా అని!

అనుమానం ఏమీ కాదు. మన ముగ్గుల్లో సరి చుక్క, సందు చుక్క అని రెండు రకాలున్నాయి గదా. సరి చుక్కలో చుక్క కింద చుక్క వస్తుంది, నాలుగు పలకల గడి. సందు చుక్కలో పై రెండు చుక్కల నడుమ కింది చుక్క పడుతుంది. అంటే సకినాలు ఆనించినట్టే. ఏ చుక్క చుట్టూ చూసినా సమదూరంలో ఆరు చుక్కలుంటాయి. ఏడు చుక్కలు, నాలుగు వచ్చేదాకా, సందు చుక్క అని మనం అలవాటుగా అనేదాన్ని ఒకసారి లెక్కపెట్టండి. 4, 5, 6, 7, 6, 5, 4, మొత్తం 37 చుక్కలు. బయటి అంచు పట్టుకుని చూస్తే ఆరు మూలల పలక, ఒక్కో అంచుకు నాలుగేసి చుక్కలు. మంచు రేకు ఏ అమరిక మీద పెరుగుతుందో, మనం సానుపు చల్లిన వాకిట్లో అదే అమరిక పెట్టుకుని గీస్తున్నాం. కెప్లరు ఏ ధనుర్మాసంలోనైనా మన వీధిలో నడిచి ఉంటే ఎంత బాగుండేది!

ఇప్పుడు సూది అందుకోండి. మధ్య చుక్క నుంచి ఆరు వైపులకూ మూడేసి చుక్కలు కలుపుతూ అంచుదాకా గొలుసుకుట్టు వేయండి. అవి ఆరు కొమ్మలు. ప్రతి కొమ్మలోనూ మధ్య నుంచి రెండో చుక్క దగ్గర ఆగి, కొమ్మ కొసకు అటొకటి ఇటొకటి ఉన్న అంచు చుక్కలకు రెండు రెమ్మలు తీయండి. ఇవి కాడకుట్టు. దీంతో అంచున ఉన్న 18 చుక్కలూ అందుకుంటాయి. లోపల కొమ్మల సందుల్లో ఆరు చుక్కలు ఒంటరిగా మిగులుతాయి. వాటిమీద ఒక్కో ఫ్రెంచ్ నాట్, అంటే ముడికుట్టు, వేస్తే అవి మంచు బొట్లు. ముదురు నీలం గుడ్డ మీద తెల్ల దారంతో చేసి చూడండి, పక్కింటావిడ ఏ పుస్తకంలోంచి తీశారు అని అడగకపోతే నన్నడగండి. యాంకర్ లచ్చిలో దారం కూడా ఆరు పోగులే! కొమ్మలకు రెండు పోగులు, రెమ్మలకు ఒకటి తీసుకోండి. ఆరూ కలిపి కుడితే తాడులా ఉంటుంది.

గుడ్డ మీద చుక్కలు పెట్టడం ఎలాగంటారా? కార్బను కాగితం నల్లటి గుడ్డ మీద పనిచేయదు. పాతకాలపు పద్ధతే మేలు. పలచని కాగితం మీద స్కేలుతో చుక్కలు పెట్టుకోండి. వరుసలో చుక్కకూ చుక్కకూ 2 సెంటీమీటర్లు ఉంటే, వరుసకూ వరుసకూ మధ్య 1.7 ఉండాలి. రెండూ 2 పెడితే నక్షత్రం నిలువునా సాగినట్టు వస్తుంది. ప్రతి చుక్కనూ సూదితో పొడిచి, కాగితాన్ని గుడ్డ మీద పరచి గుండుసూదులు గుచ్చండి. పలచటి గుడ్డ మూటలో మెత్తని ముగ్గు పిండి కట్టి దానిమీద అద్దుకుంటూ పోతే, పిండి కన్నాల్లోంచి దిగి చుక్కలు పడతాయి. వాకిట్లో చేసే పనే, కాస్త చిన్నదిగా. దులిపితే పోతుంది కనుక వెంటనే తెల్ల పెన్సిలుతో గుర్తు పెట్టుకోండి.

మ్యాటీ గుడ్డ మీద అయితే కాగితం కూడా అక్కర్లేదు. వరుసలో 8 గడులకో చుక్క, వరుసకు వరుసకు 7 గడులు, కింది వరుస 4 గడులు పక్కకు జరగాలి. నేను ఎనిమిదికి ఎనిమిది, ఎనిమిదికి ఆరు కూడా లెక్కవేసి చూశాను. ఏడే కుదురుతుంది.

మరి నిజంగా మంచు కురిసే ఊళ్ళలో ఆడవాళ్ళు, మగవాళ్ళు ఏం కుట్టారు? ఇది నాకు భలే ఆసక్తి కలిగించిన సంగతి. కశ్మీరులో డిసెంబరు 21 నుంచి నలభై రోజులను చిల్లై కలాన్ అంటారు. ఏడాదంతటిలోకీ అవే గట్టి చలి రోజులు. ఫెరన్ లోపల కాంగ్డీ కుంపటి పెట్టుకుని ఇంట్లో కూర్చుని శాలువాల మీద సోజ్నీ పని చేస్తారు. ఆ పనిలో అక్కడ మగవాళ్ళది పెద్ద చెయ్యి, మనవాళ్ళకు చెప్పండి! కిటికీ బయట అంతా తెలుపే. శాలువా మీద మాత్రం చినారు ఆకులు, బాదం పూలు, తీగలు. కళ్ళముందు లేని వసంతాన్ని కుట్టుకుంటారన్నమాట.

జపానులో ఉత్తరాన సుగారు అనే మంచు ప్రాంతంలో కథ వేరు. పూర్వం అక్కడి రైతులకు నూలు బట్ట కట్టే అనుమతి ఉండేది కాదు, నార బట్టే కట్టాలి. నార బట్టలో సందులుంటాయి, చలిగాలి దూసుకొస్తుంది. అక్కడి ఆడవాళ్ళు నీలిమందు వేసిన నార బట్ట మీద తెల్ల నూలు దారంతో ఆ సందులన్నీ పూడ్చేలా కుట్టేవారు. పోగులను ఒకటి, మూడు, అయిదు, ఏడు అని బేసి లెక్కన ఎత్తుకుంటూ వెళితే వజ్రం ఆకారాలు వచ్చేవి. కొగిన్ అంటారు ఆ పనిని. వెచ్చదనం కోసం మొదలైనది, అందం దానంతట అదే వచ్చి కూర్చుంది. మన బొంత కూడా అంతే కదా! పాత చీరలు నాలుగు పొరలు వేసి, అవి జరగకుండా దగ్గర దగ్గరగా కుట్లు వేస్తే ఆ కుట్ల వరుసే నగిషీ. మా చుట్టుపక్కల తండాల్లో లంబాడీ ఆడవాళ్ళ కుట్టు చూడండి, అద్దాలూ గవ్వలూ ఎంత మెరిసినా బట్టను గట్టిపరిచేది ఆ కింది కుట్టే.

మా అక్కయ్య కూతురు పెళ్ళయి అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రానికి వెళ్ళింది. భర్త ఉద్యోగం మీద వెళ్ళిన ఆడపిల్లలకు అక్కడ చాలామందికి వెంటనే పని చేసే అనుమతి ఉండదు. డిసెంబరులో సాయంత్రం నాలుగున్నరకే పొద్దుగుంకుతుంది. పగలంతా నాలుగు గోడల మధ్య ఒక్కతే. మొదటి ఏడాది సంక్రాంతికి ఫోను చేసి, "పిన్నీ, ముగ్గేద్దామంటే ఇక్కడ నేలే కనపడదు. తెల్లటి మంచు మీద తెల్ల పిండి ఏం పోస్తాను?" అంది. నవ్వుతూనే అంది గాని ఆ నవ్వు నాకు నచ్చలేదు. ఆ 37 చుక్కల సంగతి చెప్పాను. రోజుకో రేకు చొప్పున నల్లటి గుడ్డ మీద కుట్టమన్నాను. బయట కిటికీ అద్దానికి అంటుకున్న రేకులను చూసి, ఇవాళ రెమ్మలు మూడున్నాయి, ఇవాళ కొమ్మ లావుగా ఉంది అని మార్చుకుంటూ కుట్టింది. వాటిని ఒక తోరణంగా చేసి లోపలి గుమ్మానికి కట్టింది. ఒంటరితనం సూదితో పోతుందని నేను చెప్పను. కానీ పొద్దున లేవగానే కిటికీ దగ్గరికి వెళ్ళడానికి ఆ పిల్లకు ఒక పని ఏర్పడింది. తరవాత చుట్టుపక్కల తెలుగువాళ్ళు ఇద్దరు ముగ్గురు శనివారాలు ఆమె ఇంట్లో కూర్చుని కుట్టడం మొదలుపెట్టారు.

ఇంకొకటి. మా అత్తగారికి డెబ్భై ఎనిమిదేళ్ళు. మోకాళ్ళు వంగవు, ముగ్గు పెట్టి ఆరేళ్ళయింది. ఆమె ముగ్గులు ఏ పుస్తకంలోనూ లేవు. చుక్కలెన్ని అంటే చెబుతుంది, దారి ఎటు అంటే "అది నోటికి రాదమ్మా, చేతికే వస్తది" అంటుంది. పోయిన చలికాలం నేను నీలం గుడ్డ మీద చుక్కలు పెట్టి ఆమె ఒళ్ళో పరిచాను. కాసేపు ఊరికే చూసింది. తరవాత చూపుడువేలు కదిలింది. వేలు వెళ్ళినచోటల్లా నేను వెనకే పెన్సిలు పెట్టుకుంటూ పోయాను. పదకొండు చుక్కల ముగ్గు ఒకటి, వాళ్ళమ్మ దగ్గర నేర్చుకున్నదట, నేనీ ఇంటికి వచ్చాక ఒక్కసారీ వేయగా చూడలేదు. అది మా వాకిట్లోకి రాకుండానే పోయేది. ఇప్పుడు మంచం మీది దుప్పటికి నట్టనడుమ ఉంది. మీ ఇంట్లో అమ్మో అత్తో నానమ్మో ఉంటే ఈ పుష్యంలోనే అడగండి. వచ్చే ఏటికి ఆ వేలు కదులుతుందో లేదో ఎవరికెరుక!

చివరగా రెండు జాగ్రత్తలు. ముదురు రంగు గుడ్డను కుట్టక ముందే రెండు మూడు నీళ్ళలో జాడించి, రంగు దిగడం ఆగిందాకా ఉతకండి. లేకపోతే మొదటి ఉతుకుకే మీ తెల్ల మంచు నీలంగా మారుతుంది. ఇస్త్రీ చేసేటప్పుడు మందపాటి తువ్వాలు పరచి, కుట్టు వైపు కిందికి తిప్పి, వెనకనుంచి చేయండి, ముడికుట్లు అణిగిపోకుండా ఉంటాయి. నలభై దాటిన నాబోటివాళ్ళు మంచు విడవకముందు సూదిలో దారం ఎక్కించే తంటా పడకండి. రాత్రి దీపం దగ్గరే నాలుగు సూదులకు ఎక్కించి పెట్టుకుంటే పొద్దుటి గంట పూర్తిగా కుట్టుకే మిగులుతుంది.